ఎవరింటి ధూపం

ఆ గురువారం పొద్దున తుఫూల్ పెట్టుకున్న పనులు మూడే. మర్నాడు ఆడపడుచు కూతురి పెళ్ళి. దానికోసం మొగుడు ముసల్లమ్ కొత్త అంగీకి ధూపం పట్టాలి, తన పచ్చ గౌనుకి ధూపం పట్టాలి, పదకొండింటికి చెల్లెలు ఘనియా కారులో బజారుకు వెళ్ళి గోరింటాకు తెచ్చుకోవాలి. మధ్యాహ్నం ఓ కునుకు తీయాలని కూడా ఉంది గానీ, అది పని కింద లెక్క కాదు.

అరబ్బు తీరపు సలాలాలో అవి ఖరీఫ్ అనే వానకారు జల్లుల రోజులు. కొండల మీంచి దిగిన పొగమంచు ఊరి మీద కూర్చుని నెల దాటింది. బయట ఆరేసిన బట్ట సాయంత్రానికి ఇంకాస్త తడిసి లోపలికి వస్తుంది. అందుకని ఇంటింటా ఇల్లాలు నిప్పుల మీద ధూపం చల్లి, దానిమీద పుల్లల గూడు బోర్లించి, బట్టలు పరుస్తుంది. ఏ ఇంటి ధూపం ఆ ఇంటిదే. సాంబ్రాణి అందరిదీ ఒకే కొండ సాంబ్రాణి అయినా, అందులో కలిపే చందనం, అగరు, కస్తూరి, చక్కెర పాకం పాళ్ళు మాత్రం తల్లి కూతురికి చెవిలో చెప్పేవి. కోడలికి చెప్పేవి కావు.

తుఫూల్ ముక్కంటే హాఫా పేటలో అందరికీ భయం. మనుషుల్ని ఆమె ముఖాలతో గుర్తుపెట్టుకోదు. వాళ్ళ నాన్న అంటే ఆమెకు లవంగాలు, పడవ తారు. పెద్ద కొడుకు పుట్టిన నలభై రోజులూ అంటే తెల్ల సాంబ్రాణి, కాచిన నెయ్యి. ఆమె పదేళ్ళప్పుడు అమ్మ ఇనప మూకుడు దగ్గర కూర్చుని ధూపం వండుతుంటే, ఆ ఆవిరిలో మొహం పెట్టి తిట్లు తినేది. అమ్మ చేసే ధూపంలో ఒక అడుగు వాసన ఉండేది. తియ్యనా కాదు, ఉప్పనా కాదు. అది ఏమిటో చెప్పకుండానే అమ్మ పోయింది. నలభై ఏళ్ళుగా తుఫూల్ ఎన్ని మూకుళ్ళు మాడ్చినా అది మాత్రం చిక్కలేదు.

మొగుడు ముసల్లమ్ ఓడరేవులో గుమాస్తా. యాభై ఆరేళ్ళు, కాస్త పొట్ట, బోలెడంత మంచితనం. ముప్పై ఏళ్ళుగా భార్య చేసిన ధూపం ఒంటినిండా వేసుకుని తిరుగుతున్నాడు. దాన్ని అతను "పొగ" అంటాడు.

రోజూ ముసల్లమే ఉతుకు బుట్టలో పడేసే అంగీ నిన్న కొక్కేనికే ఉండిపోయింది. నిప్పులు సిద్ధం చేసి తుఫూల్ దాన్ని బుట్టలో వేయబోయింది. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. అంగీని ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. మెడ దగ్గర తన ధూపం. చేతుల దగ్గర తన ధూపం, కాస్త సిగరెట్టు. వీపు దగ్గర మాత్రం ఇంకొక ఇల్లు.

అగరు ధారాళంగా పడింది. కుంకుమపువ్వు ఉంది. గులాబీ ఉంది. చేసినదాని చెయ్యి పెద్దదే, వయసు తనకన్నా తక్కువే. అదీ వీపు మీద! గట్టిగా చేతులు చుట్టి వాటేసుకుంటే తప్ప మగవాడి వీపుకి ఒక ఇంటి ధూపం ఎలా అంటుకుంటుంది?

తుఫూల్ పీట మీద కూలబడింది. అసలు మండిపోయింది ఇంకో సంగతికి. ఆ ధూపం బాగుంది. చాలా బాగుంది. ఏ బజారు సరుకో పూసుకునే దానితో పోయుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదేమో. తనకన్నా బాగా చేసేదాన్ని వెతికి పట్టుకున్నాడు, అదీ ఆమె మంట.

అప్పుడే ముసల్లమ్ తలపాగా చుట్టుకుంటూ వచ్చాడు. "చాయ్ ఉందా?"

"నాకంతా తెలిసిపోయింది," అంది తుఫూల్.

ముసల్లమ్ చేతిలో తలపాగా జారిపోయింది. అతను దాచిన విషయం ఒకటుంది, కానీ అది ఆడదాని సంగతి కాదు, కారు సంగతి. ఎనిమిది రోజుల కిందట లేత కొబ్బరిబోండం తాగుదామని ఆగి, కారుని కొబ్బరిచెట్టు కింద నిలబెట్టాడు. గెల తెగి కారు మీద పడింది. ముందు అద్దం పోయింది, పైకప్పు బొచ్చెలా లోపలికి పోయింది. చెట్టు కింద కారు పెట్టొద్దని భార్య ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. అందుకని కారుని ఊరిబయట షెడ్డుకి తోలించి, తమ్ముడు ఒంటెల దాణాకోసం కొండమీదకు పట్టుకెళ్ళాడని ఇంట్లో చెప్పాడు. ఆఫీసు వ్యాను వస్తోందన్నాడు. వచ్చేది నిజానికి తోటి గుమాస్తా సుహైల్ కారు. మసీదు మూల దగ్గర ఆగి ఎక్కించుకుంటుంది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు నీరసంగా.

"ఒకరు చెప్పాలా? నాకు ముక్కు లేదా? ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది రోజులే. ఒట్టు, నేను కావాలని చేసింది కాదు తుఫూల్. నా దారిన నేను నిలబడ్డాను. అదే వచ్చి పడింది."

"అదే వచ్చి పడిందా!"

"ఎంత చప్పుడనుకున్నావు! వీధంతా చూశారు."

"వీధంతా చూశారా... ఇప్పుడెక్కడుంది?"

"ఊరిబయట ఒక చోట పెట్టాను. పాకిస్తానీ ఒకడు చూసుకుంటున్నాడు. మంచివాడే. వారంలో కొత్త పెళ్ళికూతురిలా తయారుచేసి ఇస్తానన్నాడు. నేరుగా ఇంటికే తెచ్చేద్దామని..."

"ఇంటికా? ఈ ఇంటికా?"

"ఇంటికి కాక ఎక్కడ పెట్టుకోమంటావు? నీకూ సుఖమే కదా, బజారుకీ దానికీ..."

వీధి చివర హారన్ మోగింది. భార్య మొహం చూసి, ఇంత కోపం వస్తుందని తెలిస్తే మొదటిరోజే చెప్పేసి ఉండేవాణ్ణే అనుకుంటూ ముసల్లమ్ చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాడు.

తుఫూల్ చెల్లెలికి ఫోను చేసింది. అంతా విని ఘనియా, "అక్కా, ఏడవకు. నేనెవరికీ చెప్పను," అంది.

పది గంటలకల్లా మొదటి గిన్నె వచ్చింది. పక్కింటావిడ మాంసం, గోధుమలు వేసి ఉడికించిన హరీస్ తెచ్చి, ఏమీ అనకుండా తుఫూల్ చెయ్యి నిమిరి వెళ్ళింది. ఆ వెనకే ఖర్జూరాలు, రెండు పళ్ళేల అన్నం, ఒక సీసాలో తేనె. వచ్చినవాళ్ళలో ఒకావిడ తన మొగుడి సంగతి తలచుకుని తుఫూల్ కన్నా ఎక్కువ ఏడ్చింది. తుఫూలే ఆవిడను ఊరడించి నీళ్ళివ్వాల్సి వచ్చింది. ఇంకొకామె ముసల్లమ్ రెండో పెళ్ళాం ఊరు మిర్బాత్ అట కదా అంది. వేరొకామె ఇరవయ్యారేళ్ళట అంది. పదకొండు కాకుండానే ఆ పిల్లకు నెల తప్పింది.

ఓడరేవులో ముసల్లమ్ కుర్చీలో కూర్చోగానే, ఎదుటి బల్ల దగ్గరున్న ఆమర్ లేచి వచ్చి చెయ్యి ఊపేశాడు. "ముబారక్ అన్నా! కొత్తది తెచ్చావట!"

"ఇంకా రాలేదయ్యా, పాతదాన్నే బాగుచేయిస్తున్నా," అన్నాడు ముసల్లమ్.

ఆమర్ పగలబడి నవ్వాడు. గది గదికీ ఆ మాట పాకింది. పై అధికారి పిలిచి, ఇలాంటి వారంలో మనిషికి సెలవు కావాలి, చెప్పొచ్చు కదా అని కసిరాడు. సంగతేమిటో ముసల్లమ్‌కు అర్థమయ్యేసరికి మధ్యాహ్నమైంది. పొద్దున పీట దగ్గర తానన్న ఒక్కొక్క మాటా గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది. "అబ్బే, అదేం లేదయ్యా," అన్నాడు అందరితోనూ. నిజమే చెప్పాడు. కానీ ఆమర్ తనకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు, ఎప్పుడూ లేచి నిలబడనివాడు, ఇవాళ ఫ్యాను కింద కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. అది చూశాక రెండోసారి "అదేం లేదు" అన్నప్పుడు అతని గొంతు కాస్త మెత్తబడింది. మూడోసారికి మీసం సవరించుకున్నాడు కూడా.

అదే వేళకు తుఫూల్ నల్ల బురఖా వేసుకుని, అంగీని ప్లాస్టిక్ సంచిలో కుక్కి, చెల్లెలితో హాఫా బజారులో దిగింది. గోరింటాకు ఊసు ఎవరికీ లేదు. ధూపాలమ్మే ఆడవాళ్ళ వరసలో ఒక్కొక్క దుకాణం ముందూ నిలబడి డబ్బా మూత తీసి వాసన చూడటం, కాదనడం, పక్కదానికి పోవడం. ఏడో దుకాణం బఖీత్ వాళ్ళమ్మది. అరవయ్యేళ్ళుగా అదే చాప మీద కూర్చుని ధూపాలమ్ముతున్న మనిషి.

"ఆ సంచిలో ఏముందే?" అంది ముసలమ్మ.

తుఫూల్ అంగీ తీసి ఇచ్చింది. ముసలమ్మ కళ్ళు మూసుకుని వీపు భాగం ముక్కుకు ఆనించుకుంది. "ఇది కొన్నది కాదు, ఇంట్లో వండింది. ఈ చెయ్యి నాకు తెలుసు. అవ్‌ఖద్ పేటలో షమ్సా. మొన్న పండక్కి నాకు చిన్న డబ్బా పంపింది."

"వయసెంతుంటుంది?" అంది తుఫూల్.

"చిన్నదే. నలభై దాటి ఉండవు."

"ఇరవయ్యారన్నారే!" అంది ఘనియా.

"ఎవరన్నారు?"

ఘనియా కాసేపు ఆలోచించింది. "నేనే," అంది.

అవ్‌ఖద్‌లో ఇల్లు వెతకాల్సిన పని పడలేదు. అరటితోట పక్క సందులోకి తిరగగానే తుఫూల్ అద్దం దించమంది. వాసన ఎటు చిక్కబడితే అటు పోనిమ్మంది. నీలం గేటు ముందు కారు ఆగింది. తలుపు కొట్టాక లోపలినుంచి గాజులు గలగలమన్నాయి. బొద్దుగా, కళగా ఉన్న ఒకావిడ తలుపు తీసి, సలాం చెప్పబోయి ఆగింది. ముక్కుపుటాలు అదిరాయి. రెండడుగులు ముందుకొచ్చి తుఫూల్ భుజం దగ్గర గాలి పీల్చింది.

"నువ్వా!" అంది షమ్సా.

"నేనా? నువ్వా!" అంది తుఫూల్.

"ఎంత ధైర్యం ఉంటే మా ఇంటికే వస్తావు? ఎనిమిది రోజులుగా నా మొగుడి కారులో ముందు సీట్లో కూర్చుంటున్నది నువ్వే కదా! కాదను చూద్దాం. సీటు నిండా ఇదే కంపు. సాంబ్రాణి ఎక్కువ, అగరు తక్కువ, గులాబీ ఊసే లేదు. ఇంత పాతకాలపు ధూపం వేసుకునేదాన్ని మా ఆయన ఎక్కడ పట్టాడా అని రోజూ తల బద్దలు కొట్టుకుంటున్నా!"

"పాతకాలపుదా?" అంది తుఫూల్. మొగుడి సంగతి ఒక్క క్షణం వెనక్కి పోయింది. "గులాబీ పోసి సాంబ్రాణి గొంతు నొక్కేసే నీకేం తెలుసే ధూపం? మొగుళ్ళని ఎగరేసుకుపోవడం తప్ప!"

"నేనా? ఎవరి మొగుణ్ణి?"

"నా మొగుణ్ణి! ఇదిగో!" అంటూ తుఫూల్ సంచిలోంచి అంగీ లాగి, వీపు భాగం ఆమె మొహమ్మీదకు చాచింది. "ఇది ఎవరి ధూపం? చెప్పు!"

షమ్సా వాసన చూసింది. తెల్లబోయింది. "నాదే," అంది. "కానీ ఇది మా ఇంట్లో వేసిన పాళ్ళు కాదు. ఇంత దట్టంగా కారు సీటుకే వేస్తాను. నీ వాసన పట్టుకున్న మర్నాటినుంచీ రోజూ పొద్దున్నే రెండింతలు వేస్తున్నా. ఎక్కేది ఎవరైనా సరే, ఈ కారుకి ఒక ఇల్లాలుందని తెలియాలని."

ముగ్గురూ అంగీ వంక చూశారు. వీపు. సీటు. సీటుకి ఆనే వీపు.

షమ్సా ఫోను తీసి స్పీకరు నొక్కింది. "సుహైల్, నిజం చెప్పు. నీ పక్క సీట్లో రోజూ ఎవరు కూర్చుంటున్నారు?"

"ఎవరూ లేరే..."

"అబద్ధమాడితే ఇవాళ నువ్వు ఆ సీట్లోనే పడుకోవాలి."

అవతల నిట్టూర్పు వినిపించింది. "ముసల్లమ్ అన్న. ఆయన కారు మీద కొబ్బరిగెల పడింది. వాళ్ళావిడకు తెలిస్తే ప్రాణాలు తీస్తుందట, ఎవరికీ చెప్పనని నాతో ఒట్టేయించుకున్నాడు. నువ్వు కూడా ఎవరితోనూ అనకు."

"ఎవరితోనూ అనను," అంది షమ్సా, తుఫూల్ కళ్ళలోకి చూస్తూ.

ఫోను పెట్టేశాక మొదట నవ్వింది ఘనియా. తర్వాత మిగతా ఇద్దరూ గోడకానుకుని, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. షమ్సా వాళ్ళను లోపలికి లాక్కెళ్ళి యాలకుల కాఫీ పోసింది. నవ్వు తగ్గాక తుఫూల్ కప్పు పక్కన పెట్టి అడిగింది. "తిట్టాను గానీ నీ చెయ్యి మంచిది. ఆ గులాబీ కింద ఒకటుంది. అగరు కాదు, కస్తూరి కాదు. పొద్దున్నుంచి ఆ ఒక్క వాసనే నన్ను కోసేస్తోంది. అదేమిటి?"

షమ్సా కాస్త తటపటాయించింది. కూతురికి తప్ప చెప్పని మాట. ఆమెకు కూతురు లేదు. లేచి లోపలినుంచి ఒక గాజు సీసా తెచ్చింది. అడుగున గోళ్ళలా గోధుమరంగు ముక్కలు. సముద్రపు నత్తగుల్లల మూతలు.

"ఇవి నేనూ వేస్తాను," అంది తుఫూల్.

"పచ్చివి వేస్తావు. మా అమ్మమ్మ మేకపాలలో ఒక పొంగు రానిచ్చి, మూడు రోజులు నీడన ఆరబెట్టి, అప్పుడు వేయించేది."

షమ్సా ఒక ముక్క నలిపి, చిటికెడు పొడి నిప్పుల మీద వేసింది. సన్నటి పొగ లేచింది. తుఫూల్ ముందుకు వంగింది. ఇనప మూకుడు, పొగచూరిన గోడ, ఆవిరిలోంచి మొహం పక్కకు నెట్టే అమ్మ చెయ్యి, "కళ్ళు పోతాయే పిచ్చిదానా" అనే ఆ గొంతు. తియ్యనా కాదు, ఉప్పనా కాదు. ఆమె చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక కూడా, పొగ కళ్ళలో పడిందంది. షమ్సా అవునంది.

వచ్చినవాళ్ళను ధూపం పట్టకుండా పంపే ఆచారం ఆ ఊళ్ళో లేదు. షమ్సా ధూపపాత్రను తుఫూల్ బురఖా కింద మూడుసార్లు తిప్పి, తలకు పొగ పట్టించి, చేతులకు తన అగరు నూనె రాసి, నత్తమూతల సీసా, తన ధూపం ఒక డబ్బా చేతిలో పెట్టి పంపింది.

తిరుగుదారిలో ఘనియా గోళ్ళు కొరుక్కుంది. "అక్కా, ఇప్పుడు ఊళ్ళో అందరికీ ఏం చెప్పను?"

"నువ్వెవరికీ చెప్పలేదుగా," అంది తుఫూల్.

సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి ముసల్లమ్ ఇంట్లో ఉన్నాడు. పెళ్ళికని దాచిన కాశ్మీరు తలపాగా ఇవాళే చుట్టుకుని అద్దం ముందు రెండుసార్లు ప్రక్కకు తిరిగి చూసుకున్నాడు. భార్య ఏడుస్తూ వస్తుంది. పెద్దరికంగా ఓదార్చాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు.

తుఫూల్ లోపలికి వచ్చింది. ఏడుపు జాడ లేదు. ఏదో కూనిరాగం తీస్తోంది.

ముసల్లమ్ గొంతు సవరించుకున్నాడు. "చూడు తుఫూల్. ఊళ్ళో ఏవేవో అనుకుంటున్నారు. అందులో నిజం లేదు. అయినా మగవాడన్నాక, కాస్త హోదా, కాస్త రూపం ఉన్నాక, జనం అనుకోవడం సహజం. నువ్వు మనసు కష్టపెట్టుకోకు."

తుఫూల్ అతన్ని కిందినుంచి పైకి చూసింది. "మీకా? రెండో పెళ్ళా?" నవ్వు ఆపుకోలేక సంచి కింద పెట్టేసింది. "నిలబెట్టిన కారుని కొబ్బరిగెలనుంచి కాపాడుకోలేని మనిషికి ఎవరిస్తారండీ పిల్లని?"

ముసల్లమ్ మొహం చిన్నబోయింది. ఊరంతా నమ్మిన సంగతిని కట్టుకున్న భార్య ఒక్క పూటలో నమ్మడం మానేసిందంటే ఏ మగవాడికైనా కష్టమే. "ఎందుకివ్వరు?" అనబోయాడు. అంతలో ఏదో తట్టింది.

"ఆగు. పొద్దున నేను 'పడింది' అన్నాను గానీ కొబ్బరిగెల అనలేదే. నీకెవరు చెప్పారు? మనకు తెలిసినవాళ్ళలో ఆ సంగతి సుహైల్‌కి తప్ప ఎవరికీ తెలియదు."

"తెలిసింది లెండి," అంటూ తుఫూల్ అతన్ని దాటుకుని వంటింటివైపు నడిచింది.

ఆమె బురఖా గాలి అతని మొహానికి తగిలింది. ముప్పై ఏళ్ళలో భార్య ఎన్ని రకాల ధూపాలు మార్చిందో ముసల్లమ్‌కు తెలియదు. కొత్తగా చేసినరోజున ఎదురుగా నిలబడి చెయ్యి చాచినా, "పొగ బాగుంది" అని అన్నం పెట్టమన్నవాడే. అలాంటివాడు ఇప్పుడు తల ఎత్తి గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. ఎనిమిది రోజులుగా పొద్దున అరగంట, సాయంత్రం అరగంట తను కూర్చున్న చోటి వాసన అది.

"తుఫూల్!" గొంతు కీచుగా వచ్చింది. "ఎక్కడికెళ్ళావు?"

"బజారుకి."

"ఎవరి కారులో?"

"ఘనియా కారులో."

"ఘనియా కారు ఇలా ఉండదు! ఈ గులాబీ, ఈ... ఈ కుంకుమపువ్వు... నాకు తెలుసు ఇది ఏ కారో!"

తుఫూల్ వంటింటి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. మొగుడి ముక్కు ఎర్రబడి ఉంది. నుదుటిమీద చెమట. తలపాగా పక్కకు ఒరిగింది. ఇంత శ్రద్ధగా తన వాసన చూసిన మనిషిని ఆమె మొదటిసారి చూస్తోంది. ఒక్క మాటతో తేలిపోయే సంగతి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అది సుహైల్ కారు వాసన!" అన్నాడు ముసల్లమ్.

"ఏ సుహైల్?" అంది తుఫూల్.

మర్నాడు పెళ్ళికి ఆమె పచ్చ గౌనుకి షమ్సా ఇచ్చిన ధూపమే పట్టింది. పెళ్ళిలో మగవాళ్ళ పందిట్లో సుహైల్ రెండుసార్లు పలకరించినా ముసల్లమ్ పలకలేదు. తనవల్ల తప్పేమిటో అర్థంకాక సుహైల్ మూడోసారి హల్వా పళ్ళెం తెచ్చి ఇచ్చాడు. ముసల్లమ్ దాన్ని వాసన చూసి పక్కన పెట్టాడు.

నిజం చెప్పడానికి తుఫూల్ తొందరపడలేదు. శుక్ర, శని సెలవులయ్యాక, ఆదివారంనుంచి ముసల్లమ్ ఆఫీసుకు బస్సులో వెళ్ళసాగాడు.